కొత్త ర్యామూ, పడవ గ్రీజూ

రింకికి ఇంట్లో ఉన్న కంప్యూటర్ మీద కోపం రావడానికి కొత్తగా కారణాలు అక్కర్లేదు. స్విచ్ వేసి వెళ్ళి, స్నానం చేసి, జడ వేసుకుని, టీ తాగి వచ్చినా అది తెర మీద ఏదో గుండ్రంగా తిప్పుకుంటూ కూర్చునేది. బరంపురంలో డిప్లొమా చదివే రోజుల్లో, ఏదో ఆఫీసువాళ్ళు వద్దని తీసేసిన పెట్టెను తెచ్చుకుంది. గోపాలపూర్ పక్కన సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న ఆ రెండు గదుల ఇంట్లో దానికి దక్కినంత మర్యాద ఇంకే వస్తువుకీ దక్కలేదు. దానంత తక్కువ పని చేసిన వస్తువు కూడా ఇంకోటి లేదు. తల్లి కూర్మమ్మ ప్రతి శుక్రవారం దాని నెత్తిన మందారపువ్వు పెట్టేది. తమ్ముడు బబ్లూ వేట నుంచి వచ్చి, ఒంటి మీది ఉప్పైనా కడుక్కోకుండా దాని ముందు చేరి తుపాకుల ఆట ఆడేవాడు. ఆట మధ్యలో బొమ్మ బిగుసుకుపోతే పెట్టెను ఒక్కటి చరిచేవాడు. చరిస్తే కదిలేది కూడా, అందుకే వాడికి ఆ అలవాటు పోలేదు.

భువనేశ్వర్లో ఒక కంపెనీ నుంచి కబురు వచ్చాక అసలు తలనొప్పి మొదలైంది. కంప్యూటర్లు మొరాయించిన కస్టమర్లకు ఫోనులో దారి చూపించే ఉద్యోగం. ఇంటి నుంచే చేసుకోవచ్చు. శుక్రవారం వీడియోలో ఇంటర్వ్యూ. కాకపోతే వాళ్ళు మాటలతో సరిపెట్టరట. రింకి తన కంప్యూటర్లోనే మూడు వర్చువల్ మిషన్లు ఒకేసారి నడపాలి, వాటిలో వాళ్ళు చెప్పిన లోపాన్ని వాళ్ళ కళ్ళ ముందే సరిచెయ్యాలి. ఇది పోతే సూరత్ వెళ్ళడమే. అక్కడి చీరల మిల్లులో బిల్లులు కొట్టే పని ఒకటి పెద్దమ్మ కొడుకు చూసిపెట్టాడు. ఒక్క గదిలో ఆరుగురు ఆడపిల్లలతో సర్దుకోవాలని కూడా ముందే చెప్పాడు. సూరత్ పేరెత్తితే చాలు, రింకి అక్కడి నుంచి లేచి వెళ్ళిపోయేది.

"వర్చువల్ మిషనంటే ఏటే?" అని కూర్మమ్మ అడిగింది.

"ఒక కంప్యూటర్ లోపల మూడు ఉత్తుత్తి కంప్యూటర్లమ్మా. ఒకే ఇల్లు, మూడు వాటాలనుకో."

"ముగ్గురికీ ఒకటే పొయ్యా?"

"ఆఁ, ఒకటే."

"అయితే దెబ్బలాడుకుంటారు" అని కూర్మమ్మ తేల్చేసి, చేపల బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆమె అన్నది అక్షరాలా నిజం. ఉన్న కాస్త ర్యాముతో ఒక వాటా తెరిచేసరికే ఇల్లంతా కూలినంత పనయ్యేది. ర్యాము పెంచాలి, పాత డిస్కు తీసి కొత్తది వెయ్యాలి. సగం ఖర్చు పెట్టుకుంటానని బబ్లూ ముందుకొచ్చాడు. ఊరికే రాలేదు.

"నాకు గ్రాఫిక్స్ కార్డు కావాలప్పా. లైట్లు ఎలిగేది" అని అక్కని అడిగాడు.

"లైట్లెందుకురా? నువ్వు ఆడేది తెర మీద కదా?"

"తెర మీద ఆడితే మాత్రం? పెట్టెలో ఎలుగుంటే ఆ ఊపే వేరు."

ఆ ఊపు కోసం అక్కా తమ్ముడూ మంగళవారం బస్సెక్కి బరంపురం వెళ్ళారు. పాత బస్టాండు దగ్గర సందులో పూర్ణచంద్రది కంప్యూటర్ల దుకాణం. అతను ఒడియావాడు, కానీ బరంపురం మనిషి కాబట్టి తెలుగు కూడా దడదడా మాట్లాడేస్తాడు. ఏం అడిగినా ముందు "కిచ్ఛి అసుబిధా నాహిఁ, భౌణీ" అంటాడు. ఏ ఇబ్బందీ లేదు చెల్లీ అని. అతను ఆ మాట అన్న ప్రతిసారీ ఏదో ఒక ఇబ్బంది వస్తుందని రింకికి తెలియడానికి ఒక్క రోజు పట్టింది. ఈ కార్డు మా పాత పెట్టెలో పడుతుందా అంటే అసుబిధా నాహిఁ. కరెంటు సరిపోతుందా అంటే అసుబిధా నాహిఁ. ఇంటికొచ్చి పెట్టె విప్పి చూస్తే కార్డు పట్టింది గానీ, దానికి తగిలించాల్సిన వైరు పాత పవర్ సప్లైకి లేనే లేదు.

"అసుబిధా నాహిఁ అన్నాడు గదప్పా?" అన్నాడు బబ్లూ, అదేదో తన తప్పు కానట్టు.

"ఆడు అంతాడ్రా. నీకు లైట్లు ఎలగాల, నాకు ఒళ్ళు మండాల. అంతే కదా?"

బుధవారం ఆమె పాత పవర్ సప్లై సంచిలో వేసుకుని ఒక్కతే మళ్ళీ బరంపురం వెళ్ళింది. విప్పిన పెట్టె, కొత్త ర్యాము ముక్కలు, గ్రాఫిక్స్ కార్డు, అన్నీ బల్ల మీద అలాగే ఉంచేసింది. ఆ రోజు గాలి ఎక్కువై తండ్రి కాశయ్య బోటు ఎక్కలేదు. వేట లేని రోజు కాశయ్య చేతులు ఊరుకోవు. ఏదో ఒకటి విప్పుతాడు, ఏదో ఒకటి బిగిస్తాడు.

సాయంత్రం కొత్త పవర్ సప్లైతో వచ్చి రింకి అన్నీ బిగించింది. ర్యాము ముక్కలు వేళ్ళకు కాస్త జారుడుగా తగిలాయి. కొత్త సామాను కదా, ఏదో పూత ఉంటుందిలే అనుకుంది. స్విచ్ వేసింది. బబ్లూ కార్డు రంగురంగులుగా వెలిగింది. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. పెట్టె బీప్, బీప్, బీప్ అని అరిచింది. తీసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే అరుపు. ర్యాము అందడం లేదని దాని ఏడుపు.

"లైట్లయితే బాగున్నాయప్పా" అన్నాడు బబ్లూ.

ఆ క్షణంలో తమ్ముణ్ణి తీసుకెళ్ళి సముద్రంలో పారెయ్యాలనిపించింది ఆమెకి.

గురువారం పొద్దున్నే మళ్ళీ బస్సు. అదే కిటికీ, అదే దుమ్ము, అదే కండక్టరు. "రోజూ డ్యూటీయా అమ్మా?" అని అతను నవ్వాడు. రింకి నవ్వలేదు. ఇంటర్వ్యూ రేపు. దుకాణంలో అడుగు పెడుతూనే అరుపు అందుకుంది. పాడైన సరుకు అంటగట్టావు, ఆడపిల్లకి ఏం తెలుసులే అనుకున్నావు, నా ఉద్యోగం పోతే నువ్విస్తావా అని నలుగురు వినేలా దులిపేసింది. పూర్ణచంద్ర ఈసారి అసుబిధా నాహిఁ అనలేదు. ర్యాము ముక్క చేతిలోకి తీసుకుని దీపం కింద తిప్పి చూశాడు. బంగారు రంగు అంచును బొటనవేలితో రుద్దాడు. వేలు వాసన చూసుకున్నాడు.

"తేలొ పూసినావా భౌణీ? నూనె?"

"నేనెందుకు పూస్తాను? మీ షాపులోనే అలా ఇచ్చారు!"

అతను రబ్బరుతో అంచులు తుడిచి, తన దగ్గరున్న పెట్టెలో పెట్టి చూపించాడు. టక్కున తెర వెలిగింది. ర్యాము బాగానే ఉంది. రింకి గొణుక్కుంటూ, క్షమించమని మాత్రం అనకుండా, ముక్కల్ని సంచిలో వేసుకుని బస్సెక్కింది.

ఇంటికొచ్చి పెట్టింది. బీప్, బీప్, బీప్.

అప్పుడు తీసింది సెల్‌ఫోన్ టార్చి. ర్యాము దిగే గాడి లోపలికి వెలుగు కొట్టి చూసింది. అడుగున ఏదో మెరుస్తోంది. చిటికెన వేలు పెట్టి తీసింది. ముదురు తేనె రంగులో జిగురుగా అంటుకుంది. ముక్కు దగ్గర పెట్టుకోనక్కర్లేకుండానే తెలిసిపోయింది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో పీల్చిన వాసన అది. బోటు ఇంజిన్ గ్రీజు.

ఆ ఇంట్లోకి ఇనుము అన్నది ఏదొచ్చినా కాశయ్య చేతి గ్రీజు పూసుకోకుండా గడప దాటేది కాదు. తలుపు బందులు, సైకిలు గొలుసు, కుట్టుమిషను, చివరికి కూర్మమ్మ చేపలు కోసే కత్తిపీట మరలు కూడా. పెళ్ళికూతురికి నలుగు పెట్టినంత ఓపిగ్గా పూసేవాడు. సముద్రపు గాలి దేన్నీ బతకనివ్వదని అతని నమ్మకం. ఆ నమ్మకంతోనే నలభై ఏళ్ళుగా ఇంజిన్లు నడిపాడు. ఇదంతా తెలిసి కూడా బల్ల మీద పెట్టెను నోరు తెరిపించి వదిలి వెళ్ళిన తన బుద్ధికి రింకి తలకొట్టుకుంది. కానీ తల కొట్టుకోవడం ఒక్క క్షణమే. కోపం ఆమెని గ్రీజంటిన వేలితోనే బయటికి నడిపించింది.

"నాన్నా! ఇదేటి?"

కాశయ్య అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. కూతురి వేలు చూసి మొహం విప్పార్చుకున్నాడు.

"గ్రీజు. మంచిదే రాసినానమ్మీ. ఇంజినుకి ఏసేదే. మీ యమ్మ మిక్సీకి రాసిన సవక రకం కాదు."

"ఎందుకు రాసినావు?"

"ఎందుకేటి? నువ్వు బరంపురం ఎల్లినప్పుడు సూసినాను. బంగారంలాగ మెరుస్తన్నాయి, మీద మూత నేదు, గుడ్డ నేదు. ఉప్పుగాలి ఒక్క పూట తగిల్తే తినీయదా? ఆ ముక్కలకి పల్సగా రాసినాను. లోపల గాడులు సన్నంగున్నాయని అగ్గిపుల్లకి గుడ్డ సుట్టి మరీ రాసినాను. ఒక్కటీ వదల్నేదు."

ఒక్కటీ వదల్లేదన్న మాట దగ్గర రింకి గొంతు లేచింది.

"నిన్నెవులు రాయమన్నారు? రేపు నా ఇంటర్వ్యూ! బరంపురమెల్లి ఆ షాపోడిని నానా మాటలూ అనీసి వచ్చినాను! ఇది పడవనుకున్నావా, ఇంజిననుకున్నావా?"

"నీకా ఉద్యోగమొచ్చి పదేళ్ళు పని సెయ్యాల గదాని..."

"పదేళ్ళేటి, ఒక్క పూట కూడా పన్జెయ్యకుండా సేసినావు! నీ సెయ్యి తగిలిందల్లా కంపే. నా సామాన్లు ఇంకెప్పుడూ ముట్టుకోకు. ఎప్పుడూ!"

వీధిలో వెళ్తున్న ఇద్దరు ఆగి చూశారు. కూర్మమ్మ లోపలి నుంచి "ఒలే రింకీ" అని మాత్రం అంది. కాశయ్య వల పక్కన పెట్టి, లేచి, కుళాయి దగ్గరికి వెళ్ళి బట్టల సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. తర్వాత ఇసుక వేసి రుద్దుకున్నాడు. మళ్ళీ సబ్బు. రింకి అది చూసింది. చూసి, ఇప్పుడు కడుక్కుంటే ఏం లాభం అనుకుని లోపలికి వెళ్ళిపోయింది.

బబ్లూని మందుల షాపుకు పంపి స్పిరిట్ సీసా తెప్పించింది. పళ్ళు తోముకునే బ్రష్షు ఒకటి బలిపెట్టి, గాడులన్నీ ఒక్కొక్కటిగా తుడిచింది. గ్రీజులో ఇసుక రేణువులు కూడా ఉన్నాయి. తుడిచేకొద్దీ తిట్టుకుంది, తిట్టుకునేకొద్దీ ఇంకా గట్టిగా తుడిచింది. దీపాలు పెట్టే వేళకి స్విచ్ వేస్తే బీప్ ఒక్కసారే మోగి తెర వెలిగింది. బబ్లూ ఈలవేశాడు. అయినా పని పూర్తి కాలేదు. వర్చువల్ మిషను తెరవబోతే, దానికి అనుమతి ఇచ్చే మీట లోపలెక్కడో ఆపేసి ఉందని మెసేజ్ వచ్చింది. అదీ వెతికి వేసింది. ఒక వాటా తెరుచుకుంది, రెండోది తెరుచుకుంది, మూడోదీ తెరుచుకుంది. మూడూ దెబ్బలాడుకోకుండా ఒకే పొయ్యి మీద వండుకుంటున్నాయి. ఈ సంగతి తండ్రికి చెప్పాలని ఆమెకి తోచలేదు.

శుక్రవారం పొద్దున్న ఇంటర్వ్యూకి కూర్చోబోతూ చూస్తే గోడ మీద ప్లగ్గు స్విచ్ వెయ్యలేదు. కాశయ్య ఆ పక్కనే నిలబడి ఉన్నాడు.

"నాన్నా, ఆ స్విచ్చి ఎయ్యి."

కాశయ్య రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "బబ్లూ, అప్పకి స్విచ్చి ఎయ్యరా" అని కేకేశాడు. పెరట్లోంచి బబ్లూ వచ్చే వరకూ ఆ స్విచ్ అలాగే ఉంది. జానెడు దూరంలో నిలబడి కూడా వెయ్యడేంటి, ఇదేం చాదస్తమని రింకి విసుక్కుంది. అంతకంటే ఆలోచించే తీరిక ఆమెకి లేదు.

తెర మీద ఇద్దరు కనిపించారు. ఒకాయన, ఒకావిడ. ఆయన చెప్పిన లోపాన్ని రింకి తొందరగానే పట్టేసింది. మూడో మిషనుకు తప్పు అడ్రసు ఇచ్చారు, సరిచేసింది. మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాయి. ఆయన తల ఊపాడు. అప్పుడు ఆవిడ, హిందీ ఇంగ్లీషూ కలిపి, "ఈ మధ్య నువ్వు బాగుచేసిన కంప్యూటర్ సంగతి ఒకటి చెప్పు" అంది.

రింకికి వేరే ఏదీ గుర్తు రాలేదు. మనసంతా అదే ఉంది మరి. మా నాన్న అనడానికి నోరు రాక, "మా ఊళ్ళో ఒక పెద్దాయన" అని మొదలుపెట్టింది. పెద్దాయన కొత్త ర్యాముకి పడవ గ్రీజు పూశాడని, అగ్గిపుల్లకి గుడ్డ చుట్టి గాడుల్లో కూడా వదల్లేదని చెప్పింది. ఇద్దరూ పకపకా నవ్వారు. ఆయనైతే కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. గ్రీజా, నిజంగానా అని మళ్ళీ అడిగి మళ్ళీ నవ్వాడు. స్పీకర్లోంచి ఆ నవ్వు గదంతా నిండింది. కిటికీ అవతల అరుగు మీద వల అల్లుతున్న చేతులు ఆగిపోవడం రింకికి కనిపించింది. కాశయ్యకి ఇంగ్లీషు రాదు. గ్రీజు అన్న మాట ఏ భాషలోనైనా గ్రీజే.

"మరి ఆ పెద్దాయనతో ఏమన్నావు?" అంది ఆవిడ, నవ్వు ఆపుకుంటూ. "మా దగ్గరికొచ్చే ఫోన్లన్నీ అలాంటివాళ్ళవే. ఏం చెప్పావు ఆయనకి?"

రింకి కోర్సులో నేర్చుకున్న మాటలు సిద్ధంగా ఉన్నాయి. తేనె పూసినట్టు వచ్చాయి. "మీరు చేసింది మంచి ఆలోచనతోనే చేశారండీ అని చెప్పాను. ఉప్పుగాలికి ఇనుము పాడైపోతుందన్న మీ మాట నిజమేనండీ, కాకపోతే ఈ బంగారు అంచుల మీదుగా కరెంటు పోవాలి, అక్కడ మాత్రం పూయకూడదు, ఎక్కడ పూయొచ్చో నేను చూపిస్తాను రండి అని చెప్పాను. ఆయన చిన్నబుచ్చుకోకుండా చూసుకున్నాను."

చివరి మాట నోటి నుంచి వచ్చాక ఆమె చూపు కిటికీ వైపు వెళ్ళింది. పొద్దున్న స్విచ్ దగ్గర నాన్న చేతులు వెనక్కి ఎందుకు పెట్టుకున్నాడో అప్పుడు అర్థమైంది.

ఆవిడ తల పంకించింది. "మిషన్ల గురించి మేం నేర్పగలం రింకీ. మనుషులతో ఇలా మాట్లాడడం నేర్పలేం. సోమవారం నుంచి మొదలుపెట్టు. కాగితాలు మెయిల్లో పంపిస్తాం."

తెర ఖాళీ అయ్యాక బబ్లూ ఎగిరి గంతేసి, "అయిపోయింది గదప్పా, ఇంక నా ఆట పెట్టీనా?" అన్నాడు. కూర్మమ్మ మందారపువ్వు కోసం పరిగెత్తింది. రింకి కుర్చీలోనే కూర్చుంది. ఉద్యోగం వచ్చింది. ఆమెకి సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

అరుగు మీదికి వచ్చేసరికి కాశయ్య తలెత్తకుండానే అడిగాడు. "వచ్చినట్టేనా?"

"వచ్చింది నాన్నా."

"ఈ అరుగు కాణ్ణుంచే సేసుకోవచ్చునా? సూరత్ ఎల్లక్కర్నేదు గదా?"

"అక్కర్నేదు."

కాశయ్య ముడి ఒకటి వేశాడు, ఇంకొకటి వేశాడు. "ఆళ్ళు నవ్వినారు. గ్రీజు మాట సెప్పినావు గదా?"

"ఆఁ."

"పూసినోడు ఎవులని సెప్పినావు?"

అబద్ధం చెప్పాలనిపించింది. మా నాన్నేనని చెప్పానని, వాళ్ళు మెచ్చుకుని నవ్వారని అల్లెయ్యొచ్చు. నోరు రాలేదు. "ఊళ్ళో ఎవులో ముసలాయనని సెప్పినాను."

కాశయ్య మొహం తేలికపడింది.

"మంచి పన్జేసినావమ్మీ. మీ నాన్నని తెలిస్తే ఉద్యోగం ఇవ్వరేమోనని ఇందాకట్నుంచీ బెంగెట్టుకున్నాను."

రింకికి ఏడుపొచ్చింది, దానితో పాటే ఒళ్ళు తెలియని కోపమూ వచ్చింది. ఒక్క మాటైనా తిరిగి అనొచ్చు కదా ఈ మనిషి, ఒక్కసారి తిట్టొచ్చు కదా అనిపించింది. ఇలాంటివాడితో ఎలా వేగాలి! విసురుగా లోపలికి వెళ్ళి, పెట్టె పక్క మూతకు బిగించాల్సిన మరలు గుప్పెట్లో వేసుకుంది. తలుపు వెనకున్న గ్రీజు డబ్బా అందుకుంది. రెండూ తెచ్చి తండ్రి ముందు పెట్టి కూర్చుంది. పాత మరలు, సగం తుప్పు పట్టి ఉన్నాయి.

"ఈటికి రాయి."

కాశయ్య డబ్బా వంక చూశాడు గానీ ముట్టుకోలేదు. "నా సెయ్యి కంపు గదమ్మీ" అన్నాడు. దెప్పడానికి అన్నది కాదు, గుర్తుచెయ్యడానికి అన్నాడు.

"అలగన్నది నాను. తప్పుమాట అన్నాను నాన్నా. రాయి."

ఆమె అతని కుడిచెయ్యి లాగి ఒళ్ళో పెట్టుకుని మరలు అందులో పోసింది. ఇసుకతో రుద్దుకున్న చోట వేళ్ళ మీద తోలు లేచి ఎర్రగా ఉంది. కాశయ్య కాసేపు ఆ మరలను చూసి, ఎడమచేత్తో డబ్బా మూత తీశాడు.

"అన్నిటికీ రాయమంటావా?"

"అన్నిటికీ. ఒక్కటీ వదలకు."